జారుముడి

పెంటకుప్ప తిరగేస్తే నలభై మూడు దొరికాయి. బొటనవేలంత లావున, తెల్లగా, సగం చుట్ట చుట్టుకుని పడుకునే కొమ్ముపురుగు పిల్లలు. పార వేసిన చోటల్లా ఒకటో రెండో బయటపడి, వెలుగు సోకగానే మెల్లిగా మెలికలు తిరుగుతాయి. ఏరి పాత బకెట్టులో వేసి కోళ్ళ ముందు కుమ్మరించాను. రెండు నిమిషాల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఈ పని నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ చేస్తున్నదే. లెక్కపెట్టడం మాత్రం ఆ రోజే మొదలు.

ముందు రోజు రాత్రి మా రామాలయంలో పురాణం చెప్పారు. పెద్దాయన, గొంతు బాగా తగ్గిపోయింది, మైకు దగ్గరగా పెట్టుకుని చెబుతున్నారు. గృహస్థుడి ఇంట్లో ఐదు కసాయి కొట్లు ఉంటాయన్నారు. మేమంతా తలెత్తి చూశాం. మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉందట. పంచసూనలు అంటారు, సూన అంటే ప్రాణిని చంపే చోటు. పొయ్యి ఒకటి, తిరగలి ఒకటి, చీపురు ఒకటి, రోలు ఒకటి, నీళ్ళబిందె ఒకటి. వీటి దగ్గర రోజూ మనకు తెలియకుండానే ఎన్నో ప్రాణులు పోతాయి. ఆ దోషం పోవడానికే రోజూ ఐదు యజ్ఞాలు చెయ్యమన్నారు. వేదం చెప్పడం బ్రహ్మయజ్ఞం, తర్పణం పితృయజ్ఞం, హోమం దేవయజ్ఞం, ప్రాణులకు ఇంత మెతుకు పెట్టడం భూతయజ్ఞం, ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టడం మనుష్యయజ్ఞం.

టార్చిలైటు వేసుకుని కాలవగట్టు మీద ఇంటికి నడుస్తుంటే వాన వెలిసిన దారి నిండా నత్తలు. అడుగు చూసి చూసి వేస్తూ, ఆ ఐదింటినీ మనసులో మళ్ళీ మళ్ళీ తిప్పుకున్నాను. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, బిందె. ఐదూ ఆడవాళ్ళ చేతిలోవే. హోమం, తర్పణం, వేదం మాత్రం మా చేతిలోవి కావు. పాపం పుట్టే చోట మమ్మల్ని నిలబెట్టి, అది పోయే దారిలో మగవాళ్ళు నిలబడ్డారా? ఈ ప్రశ్న ఆ రాత్రి నన్ను పడుకోనివ్వలేదు. తెల్లారి పురుగుల్ని లెక్కపెట్టింది అందుకే.

మాది మామిడికుదురు వైపు. ఎకరం పాతిక సెంట్ల కొబ్బరితోట, అందులో డెబ్బై ఐదు చెట్లు, చెట్ల మధ్య అరటి, కంద, పసుపు. కాలవ అవతల అరెకరం వరిచేను. పాకలో ఒక జెర్సీ ఆవు, పెరట్లో కోళ్ళు. నేనూ మా ఆయనా ఇద్దరమే. అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు, సంక్రాంతికి పిల్లల్ని తీసుకొస్తాడు.

నాలుగున్నరకు లేస్తాను. కొబ్బరి ఈనెల చీపురుతో వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి, పాకలో పేడ తీసి, పొయ్యి రాజేస్తాను. ఇంట్లో వంటకి గ్యాసే గానీ, స్నానాల నీళ్ళకీ ఆవు దాణా ఉడకెయ్యడానికీ పెరట్లో పొయ్యి ఉంది. తోటలో రాలిన మట్టలూ డొక్కలూ కొననక్కర్లేని వంటచెరకు. డొక్కని పొయ్యిలో పెట్టేముందు నేలకేసి రెండుసార్లు కొట్టడం మా అత్తగారు నేర్పారు. తేలు ఉంటే కుడుతుందని కాబోలు అనుకునేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత ఓసారి అడిగితే, "చీమలు దిగిపోతాయి కదమ్మా" అన్నారు. ఆవిడకి చదువు లేదు. పంచసూన అన్న మాట ఎప్పుడూ విని ఉండరు. కానీ ఉడికిన అన్నంలో మొదటి ముద్ద గోడ మీద కాకికి పెట్టకుండా ఎవరికీ వడ్డించేవారు కాదు. ముగ్గు బియ్యప్పిండితోనే వేసేవారు. కోతలైన మర్నాడు మంచి కంకులు ఏరి, కుచ్చులు కట్టి, చూరుకి వేలాడదీసేవారు, పిచ్చుకల కోసం. కడుగునీళ్ళు, గంజి, కూరగాయల తొక్కు అన్నీ కుడితి తొట్టిలోకి పోయేవి. ఆ ఇంట్లో వేదం చెప్పినవాళ్ళు లేరు, హోమం చేసినవాళ్ళు లేరు. ఐదు యజ్ఞాల్లో రోజూ తప్పకుండా జరిగినవి రెండే, ప్రాణులకు పెట్టడం, వచ్చినవాళ్ళకు పెట్టడం. ఆ రెండూ మా అత్తగారి చేతుల మీదే జరిగాయి. రాత్రి నన్ను పట్టుకున్న ప్రశ్నకి సగం జవాబు నాకు ఇక్కడ దొరికింది.

మిగతా సగం కష్టం. శాస్త్రం చెప్పిన ఐదు చోట్లూ ఇంటి గుమ్మం లోపలివి. గుమ్మం దాటితే ఏమిటి?

కొమ్ముపురుగు సంగతే చూడండి. అది చెట్టు మొవ్వులోకి దూరి లేత ఆకును లోపలే నమిలేస్తుంది. ఆ ఆకు విచ్చుకున్నాక చూస్తే కత్తెరతో వరసగా కత్తిరించినట్టు ఉంటుంది. లేత మొక్కయితే ప్రాణమే పోవచ్చు. అది గుడ్లు పెట్టేది మా పెంటకుప్పలోనే. చెట్టుకి బలం పెట్టే పేడే చెట్టుని తినే పురుగునీ పెంచుతుంది. పేడ మానలేం, పురుగుని వదల్లేం. దింపు తీసేవాళ్ళు చెట్టెక్కినప్పుడే మొవ్వు చూసి, ఇనుప చువ్వ కొక్కెంతో పొడిచి పురుగుని లాగి, వేపపిండీ ఇసకా కలిపి మొవ్వులో పోసి దిగుతారు. చువ్వ చివర ఇంకా కాళ్ళు ఆడిస్తున్న పురుగుని కిందకి విసిరితే నేను చెప్పుతో తొక్కుతాను. ఇది తెలియకుండా జరిగే హింస కాదు. తెలిసి, చూసి, గురిపెట్టి చేసేది.

వరిచేలో ఎలకలు. పొట్ట దశలో ఒక్క రాత్రిలో గజాల కొద్దీ దుబ్బులు కొరికేస్తాయి. ఎలకలు పట్టేవాళ్ళు సాయంత్రం వెదురు బుట్టలు తెచ్చి గట్ల వెంట పెట్టిపోతారు, పొద్దున్నే వచ్చి ఎత్తుకుంటారు. ఎలకకి ఇంత అని కూలి. పోయిన సార్వాలో వాళ్ళలో ఒకతను గట్టు మీద వరసగా పేర్చి చూపించాడు, పద్దెనిమిది. అందులో ఒకటి కడుపుతో ఉంది. డబ్బు లెక్కపెట్టి ఇస్తూ నేను దాన్ని చూడకుండా ఉండలేకపోయాను.

పురాణం చెప్పిన పెద్దాయన దగ్గరికి మర్నాడే వెళ్ళాను. "పంతులుగారూ, ఇంట్లో ఐదు సరే. చేలో జరిగేదానికి ఏం చెయ్యమన్నారు?" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు. కాసేపు ఆలోచించి, మనుస్మృతిలోనే ఇంకోచోట వ్యవసాయం మంచిదని కొందరంటారు గానీ, ఇనప మొన ఉన్న నాగలి భూమినీ భూమిలో ఉన్న ప్రాణుల్నీ గాయపరుస్తుంది కాబట్టి పెద్దలు దాన్ని నిందించారని ఉందమ్మా, అన్నారు. నాకు బాధేసింది. కోపమే వచ్చిందని చెప్పాలి. ఆ మాట రాసిన చెయ్యి కూడా అన్నంలోనే పడింది కదా. నా ముఖం చూసి కాబోలు, లోపలికెళ్ళి అరణ్యపర్వం వచనం తెచ్చి చేతిలో పెట్టారు. ధర్మవ్యాధుడి కథ చదువుకో అన్నారు.

చిన్నప్పుడు బళ్ళో విన్న కథే. కౌశికుడనే బ్రాహ్మణుడు తన మీద రెట్ట వేసిన కొంగని కోపంగా చూస్తే అది చచ్చి పడుతుంది. తర్వాత ఆయన భిక్షకి వెళ్ళిన ఇంట్లో ఇల్లాలు భర్తకి అన్నం పెట్టే పనిలో ఆలస్యం చేస్తుంది. ఆయన కోపంగా చూస్తే, నేను కొంగని కాను అంటుంది. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్మే వ్యాధుడి దగ్గరికి వెళ్ళమని దారి చూపించేదీ ఆవిడే. ఇదంతా గుర్తుంది. కానీ ఆ కసాయి వ్యవసాయం గురించి మాట్లాడతాడని గుర్తులేదు. సేద్యం మంచిదంటారు, నాగలి కింద ఎన్ని ప్రాణులు పోతున్నాయో చూడు అంటాడు. వడ్లూ గింజలూ జీవమే అంటాడు. నడిచేవాడి కాలి కింద, పడుకునేవాడి వీపు కింద చచ్చేవాటిని తలుచుకోమంటాడు. అహింసావ్రతం పట్టిన యతులు కూడా హింస చేస్తూనే ఉన్నారు, కాకపోతే ప్రయత్నం వల్ల అది కాస్త తగ్గుతుంది అంటాడు.

అక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పోతుంది అనలేదు. తగ్గుతుంది అన్నాడు.

నాకు ఆ మాట మీదే నమ్మకం. యజ్ఞంతో దోషం పోతుందని శాస్త్రం చెబుతోంది, పెద్దలు చెబుతున్నారు, కాదనేటంత చదువు నాకు లేదు. కానీ చీమలకి వేసిన పిండీ, కోళ్ళకి వేసిన పురుగులూ ఒకదానికొకటి చెల్లవని నా మనసుకి తెలుసు. ఆ కడుపుతో ఉన్న ఎలకకి పిచ్చుకల కుచ్చు ఏ లెక్కన సమాధానం? మరి ఆ ఐదు చోట్లూ చెప్పిన మనిషి ఏం చేశాడు? ఆయన వంగి బిందె అడుగున చూశాడు. బిందె దించినచోట నలిగిన పురుగుని చూశాడు. తిరగలిలో గింజతోపాటు నలిగినదాన్ని చూశాడు. చూసి, అదేం లేదులే అని లేచిపోకుండా, ఇది కసాయి కొట్టే అని పేరు పెట్టాడు. నాకు ఆయన చెప్పిన ప్రాయశ్చిత్తం కంటే ఆ చూపే పెద్దదనిపిస్తుంది. కాకికి ముద్ద పెట్టడం పాపం కడుక్కోవడానికి కాదు, మన ముద్దలో ఇంకెవరి ప్రాణమో ఉందని రోజుకి ఒక్కసారైనా గుర్తుండడానికి.

ఆ చూపే ఇప్పుడు పోతోంది. తిరగలి పోయి మిక్సీ వచ్చింది. బిందె పోయి మోటారు వచ్చింది. కాలవలో పైపు వేసి మీట నొక్కితే నీళ్ళొస్తాయి. ఫుట్‌వాల్వుకి ఎన్ని చేపపిల్లలు అతుక్కున్నాయో పైపు తీసి కడిగిన రోజున గానీ తెలియదు. మందు కొట్టే మిషను వీపున తగిలించుకుని తోట ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిస్తే సరి, ఏం చచ్చిందో ఎంత చచ్చిందో తెలియదు. కొబ్బరికి తెల్లదోమ వచ్చి ఆకులన్నీ మసి పూసినట్టయిన ఏడు మేమూ కొట్టబోయాం. రసాయనం కొడితే దోమని తినే పురుగులు పోతాయి, వాటిని బతకనివ్వండి, ఉధృతంగా ఉంటే నీళ్ళు గట్టిగా కొట్టి కడగండి అని తెలిసినవాళ్ళు చెప్పారు. ఆ ఏడు మందు మానేసి, అందినంత మేర నీళ్ళు కొట్టాం. కాపు తగ్గింది. ఆ నష్టం మేం భరించగలిగాం గనక చేశాం. అప్పు మీద కౌలుకి చేసే రైతుని అలా చెయ్యమని చెప్పే హక్కు నాకు లేదు.

మాకు దగ్గర్లోనే ఆదుర్రు ఉంది. వైనతేయ పాయ ఒడ్డున పాత బౌద్ధస్తూపం, ఎర్ర ఇటుకల దిబ్బ. సంక్రాంతికి మనవల్ని తీసుకెళ్తుంటాను. అశ్వఘోషుడి బుద్ధచరితంలో ఒక ఘట్టం ఉంది. సిద్ధార్థుడు ఊరి బయట దున్నుతున్న చేను చూస్తాడు. తెగిన గడ్డి, చెదిరిన పురుగులూ గుడ్లూ, ఎండకీ దుమ్ముకీ వాడిపోయిన మనుషులు, అలిసిన ఎడ్లు. తనవాళ్ళే పోయినట్టు దుఃఖపడి, నేరేడు చెట్టు కింద కూర్చుని ధ్యానంలోకి వెళ్తాడు. ఆ దిబ్బ మీద నిలబడితే చుట్టూ చేలే కనిపిస్తాయి. ఊడ్పుల ముందు దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనక తెల్ల కొంగలు బారులు తీరి నడుస్తుంటాయి, చక్రం తిరగేసిన బురదలోంచి కప్పనో పురుగునో ముక్కున కరుచుకుంటూ. ఆ రాకుమారుడు చూసింది ఇదే. ఆయన చూసి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడి మీద నాకు ఎంతో భక్తి. కానీ ఆయన పాత్రలో మెతుకు పడాలంటే ఆ మడిలో ఎవరో ఒకరు దున్నుతూనే ఉండాలి, ఎవరో ఒక ఇల్లాలు వండి గుమ్మంలోకి తేవాలి. నేను ఆ ఉండిపోయినవాళ్ళ తరఫు మనిషిని. ఉండిపోయినవాళ్ళకి ధర్మం ఏమిటన్నదే నా బెంగ.

ఇప్పటిదాకా చెప్పినవాటికంటే నాకు కష్టమైనది ఒకటుంది. చెప్పక తప్పదు.

నాలుగేళ్ళ క్రితం మా ఆవు కోడెదూడని వేసింది. నుదుట తెల్ల బొట్టు. మా మావగారి రోజుల్లో అయితే కోడె పుడితే పండగే, రెండేళ్ళలో కాడి కిందకి వస్తుంది. ఏరువాక పున్నమికి ఎడ్లకి పూజ, కనుమకి కొమ్ములకి రంగులు. మా పాకలో ఎడ్లు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అరెకరానికి ట్రాక్టరు గంట పని. ఇప్పుడు కోడెకి చేయించడానికి పని లేదు. మిషను కోతలొచ్చాక గడ్డి కూడా కొనుక్కోవాల్సి వస్తోంది. ఎనిమిది నెలలు పెంచాం. గోశాలకి ఇద్దామని వెళ్తే చోటు లేదన్నారు. చివరికి బేరగాడు వచ్చాడు. వ్యవసాయానికే అండి అన్నాడు. ఎక్కడి వ్యవసాయమో అతనికీ తెలుసు, మాకూ తెలుసు. మా ఆయన పలుపు విప్పి అతని చేతికిచ్చి పాక వెనక్కి వెళ్ళిపోయారు. ఆవు రెండు రోజులు అరిచింది. మూడో రోజుకి మళ్ళీ మేత పట్టింది. ఆ డబ్బుతో తవుడు బస్తాలు కొన్నాం. ఆ తవుడు ఆ ఆవుకే పెట్టాను.

కార్తీకంలో నాగులచవితికి పుట్టలో పోసిన పాలు ఆ ఆవువే. గుళ్ళో అభిషేకానికి ఇచ్చిన చెంబుడు పాలూ ఆ ఆవువే. పుట్ట దగ్గర కూర్చుని, తెలియక తొక్కితే కోపగించుకోవద్దని పాముని వేడుకుంటున్నప్పుడు నా నోరు సగంలో ఆగిపోయింది. తెలిసి చేసినదానికి ఎవరిని వేడుకోవాలి?

పోయిన ఏడాది ఆవు ఎదకొచ్చినప్పుడు, సూది వెయ్యడానికి వచ్చిన కుర్రాడు, "పెద్దమ్మా, ఇప్పుడు పెయ్యలే పుట్టే సూది వచ్చిందండి. పదింట్లో తొమ్మిది పెయ్యలే" అన్నాడు. వీర్యంలోంచి మగదూడనిచ్చే కణాలను ముందే వేరుచేస్తారట. మా ఆయన నా వైపు చూశారు. వెయ్యమన్నాను.

వేయించింది మొదలు నా మనసు రెండుగా ఉంది. ధర్మవ్యాధుడు చెప్పిన తగ్గడం అంటే ఇదే కదా అనుకుంటాను. పుట్టని కోడె బేరగాడి వెనక నడవదు, ఏ ఆవూ రెండు రోజులు అరవదు. ఇంకోసారి భయమేస్తుంది. మిక్సీ చేసినట్టే, మోటారు చేసినట్టే, ఇదీ కంటి ముందు నుంచి తీసేయడమే కాదా? కోడెకి మన దగ్గర చోటు లేదన్న మాట అలాగే ఉంది. ఆ మాట వినడానికి కోడె ఉండదు, అంతే. పంతులుగారిని అడిగాను. శాస్త్రంలో దీనికి మాట లేదమ్మా, నీ మనసుకి ఏది బరువు తగ్గిస్తుందో కాదు, దూడకి ఏది తగ్గిస్తుందో చూడు అన్నారు. ఆ మాటకి ఆయనకి దణ్ణం పెట్టి వచ్చాను. నాకు ఇంకా తేలలేదు.

పలుపంటే ఒకటి గుర్తొస్తుంది. 1996 నవంబరు 6, తుపాను రాత్రి. కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయిన రాత్రి. మా తోటలో అప్పుడున్న చెట్లలో తెల్లారేసరికి నిలబడ్డవి పదకొండు. గాలి మొదలవగానే మావగారు కొడవలి పట్టుకుని పాకలోకి పరుగెత్తారు. తడిసిన ముడులు బిగుసుకుపోయి విప్పడానికి రావడం లేదు. ఒక్కొక్క పలుపే కోసి పశువుల్ని వదిలేశారు. పాక కూలింది. మూడు రోజుల తర్వాత మా రెండు ఎడ్లూ గేదే వెతుక్కుంటూ ఇంటికొచ్చాయి. ఊళ్ళో కట్టుకొయ్యలకే పడి చచ్చినవి ఎన్నో ఉన్నాయి. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ మావగారు మా పాకలో పశువుని జారుముడితోనే కట్టించారు, చీకట్లో చిన్నపిల్ల లాగినా విడిపోవాలని. కట్టే హక్కు మనకుంది గానీ, విప్పలేని ముడి వేసే హక్కు లేదనేవారు.

ఇప్పుడు మా ఆవుకి నెలలు నిండాయి. పొదుగు దిగింది, వెనక ఎముకలు జారాయి, ఇవాళో రేపో. మధ్యాహ్నం పూట పాకలో ఓ పక్కన పొడిగడ్డి పరిచి, కొబ్బరి పీచు తాడు సన్నంగా పేని చిన్న పలుపు తయారుచేశాను. పెయ్యకైనా కోడెకైనా సరిపోయేలా. కోడె అయితే ఈసారి అమ్మం అని మా ఆయన నిన్న అన్నం తింటూ అన్నారు, నేనేమీ అడక్కుండానే. మేత ఎలా అన్నది ఇద్దరం మాట్లాడుకోలేదు. కొత్త పలుపుని కట్టుకొయ్యకి జారుముడి వేసి, ఓసారి లాగి చూశాను. విడిపోయింది. మళ్ళీ వేసి, కుడితి పట్టుకెళ్ళాను.